నీలం డబ్బా ఇంజన్‌ని మళ్లీ పట్టాలెక్కించడం

పాత మోడల్ రైలు ఇంజన్ (అసలు ఇంజన్‌కి చిన్న నమూనా) చేతికి రాగానే దానికి డీకోడర్ కొనకండి. డీకోడర్ అంటే ఇంజన్ లోపల పెట్టే చిన్న సర్క్యూటు. పట్టాల మీద వచ్చే ఆదేశాన్ని చదివి మోటారుకి, దీపాలకి వెళ్లే కరెంటుని అదుపు చేస్తుంది, అంతే. గేర్లలో గడ్డకట్టిన గ్రీజునీ, చక్రాల మీద పేరుకున్న నల్లటి మురికినీ, వదులైపోయిన కాంటాక్టునీ అది ఏమీ చేయలేదు. మామూలు డీసీ కంట్రోలర్ మీద మెల్లగా, కుదుపు లేకుండా నడిచే ఇంజన్‌కి మాత్రమే డీసీసీ (ఒక్కో ఇంజన్‌నీ దాని అడ్రసుతో విడిగా నడిపే డిజిటల్ పద్ధతి) పెట్టాలి. నేను పాత ఇంజన్లు తెచ్చి బాగుచేసుకునే పద్ధతి అంతా ఈ ఒక్క వరస మీదే నడుస్తుంది: ముందు శుభ్రం, తర్వాత కరెంటు దారి, తర్వాత చక్రాలు, చివరికి డీకోడర్.

నేను చెప్పేది ఎథర్న్ అనే అమెరికన్ కంపెనీ నీలం డబ్బా ఇంజన్ల గురించి. అమెరికాలో హెచ్ఓ స్కేలు మొదలుపెట్టిన చాలామందికి తొలి ఇంజన్ ఇదే. హెచ్ఓ అంటే 1:87 కొలత, పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు. నీలం అట్టపెట్టెలో షెల్ (పై తొడుగు), ఫ్రేము (అడుగు చట్రం), హ్యాండ్‌రెయిల్ తీగలు విడివిడిగా వచ్చేవి. కొన్నవాళ్లే ఇంట్లో కూర్చుని బిగించుకునేవాళ్లు, అందుకే చవక. 2009లో ఈ వరస ఆపేశారు గానీ, దశాబ్దాల పాటు అమ్మారు కాబట్టి ఏ ట్రైన్ షోకి వెళ్లినా బల్లల కింద గుట్టలుగా కనిపిస్తాయి. నేను న్యూజెర్సీలో ఉంటాను. ఏటా జనవరిలో మసాచుసెట్స్‌లోని వెస్ట్ స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జరిగే పెద్ద రైల్వే షోకి వెళ్తే నా వేట అంతా ఈ డబ్బాల కోసమే.

చవకవాటిలో ఇదే ఎందుకంటారా? దీని లోపలి అమరిక బాగుంటుంది. బరువైన లోహపు ఫ్రేము, నడుమ మోటారు, రెండు చివరల నుంచి రెండు ట్రక్కులకీ (చక్రాలు, గేర్లు బిగించి ఉండే బోగీలకి) వెళ్లే షాఫ్టులు. అన్ని చక్రాలూ లాగుతాయి, అన్ని చక్రాలూ కరెంటు తీసుకుంటాయి. అదే కాలపు టైకో, లైఫ్-లైక్, పాత బాక్‌మన్ చవక ఇంజన్లలో చాలావాటికి మోటారు ఒక ట్రక్కులోనే ఇరికించి ఉంటుంది. చక్రాలకి రబ్బరు టైర్లు వేసి లాగిస్తారు, కరెంటు మాత్రం కొన్ని చక్రాల నుంచే వస్తుంది. వాటి మీద డబ్బు పెట్టవద్దని నా సలహా. పిల్లలు నేల మీద ఆడుకోవడానికి ఉంచండి. ఎథర్న్‌లో కూడా బాగా పాతవి కొన్ని గేర్ల బదులు రబ్బరు బ్యాండుతో నడిచేవి ఉన్నాయి. అవి సేకరించేవాళ్లకి ముచ్చటే గానీ, రోజూ నడపడానికి పనికిరావు.

షోకి వెళ్లేటప్పుడు జేబులో ఒక 9 వోల్టుల బ్యాటరీ, దానికి రెండు తీగలు తగిలించి పెట్టుకోండి. అమ్మేవాళ్లని అడిగి, ఒక తీగ ఎడమ చక్రానికి, ఇంకోటి కుడి చక్రానికి ఆనించండి. మోటారు తిరిగితే సంతోషం. తిరగకుండా సన్నగా గొణిగితే గ్రీజు గడ్డకట్టి ఉంటుంది, అది ఇంట్లో బాగవుతుంది. అసలు ఉలుకూ పలుకూ లేకపోతే ధర తగ్గించమని అడగండి. ఎక్కువసార్లు ఏదో ఒక కాంటాక్టు తుప్పు పట్టి ఉంటుంది, అంతే. ఇంజన్‌ని తిరగేసి చక్రాలన్నీ ఉన్నాయో లేదో, కింది మూతలు విరిగాయేమో చూడండి. షెల్ మీద రంగు పోయినా ఫరవాలేదు. కప్లర్లు (బండిని బండికి తగిలించే కొక్కేలు) ఎలాగూ మార్చేవే.

ఏ మోడల్ కొనాలన్నది మీ ఇష్టం. జీపీ9, జీపీ35 లాంటి అమెరికన్ డీజిళ్ల పాత మోడళ్లలో, మోటారు పట్టడం కోసం హుడ్‌ని (ఇంజన్ మీది పొడుగాటి పెట్టెని) అసలు కంటే వెడల్పుగా చేశారు. కొలతల పట్టింపు ఉన్నవాళ్లకి అది కంట్లో నలుసులా ఉంటుంది. ఎస్‌డీ40-2లో ఆ బాధ లేదు, హుడ్ సరైన వెడల్పులో ఉంటుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేను చెప్పేది అదే. నాకు మాత్రం ఆల్కో అనే అమెరికన్ కంపెనీ డీజిల్ పీఏ కనబడితే చెయ్యి ఆగదు. కాజీపేట డీజిల్ షెడ్ దగ్గర పెరిగినవాణ్ని. అక్కడి డబ్ల్యూడీఎం-2 ఇంజన్లు ఆల్కో డిజైనువే. తొలి ఇంజన్లు 1962లో అమెరికా నుంచే వచ్చాయి, 1964 నుంచి వారణాసిలో తయారయ్యాయి. స్టేషన్ నుంచి కదిలేటప్పుడు ఆ నల్లటి పొగ, ఆ గుర్రు చూసినవాళ్లకి ఆల్కో అన్న పేరు చాలు.

ఇక పని. షెల్‌ని రెండు పక్కలా వేళ్లతో మెల్లగా వెడల్పు చేసి పైకి లాగితే ఊడి వస్తుంది. హ్యాండ్‌రెయిళ్లు ఫ్రేముకి పట్టుకుని ఉంటే ముందు వాటిని వదులు చేయండి. లోపల మోటారు, దాని మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక పొడుగాటి స్టీలు పట్టీ కనిపిస్తాయి. ఏదీ ఊడదీయకముందే ఫోన్‌తో నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీసుకోండి. ముఖ్యంగా మోటారు ఎటు తిరిగి ఉంది, ఏ ట్రక్కు ఎటు ఉంది అన్నవి. మోటారు తిరగేసి పెడితే ఇంజన్ వెనక్కి నడుస్తుంది.

స్టీలు పట్టీ తీసేయండి. ప్రతి ట్రక్కు మీద వర్మ్ గేర్‌ని (స్క్రూ మరలా ఉండే గేరుని) కప్పి ఒక క్లిప్పు ఉంటుంది. దాన్ని చిన్న స్క్రూడ్రైవర్‌తో పైకి తీస్తే వర్మ్, దాని బేరింగులు, సన్నటి వాషర్లు బయటికొస్తాయి, ట్రక్కు కిందికి జారిపోతుంది. ఈ వాషర్లు చాలా చిన్నవి. తెల్లటి తువ్వాలు పరిచి దాని మీద పనిచేస్తే కిందపడినా దొరుకుతాయి. ముందు ట్రక్కు సామాను ఒక గిన్నెలో, వెనక ట్రక్కు సామాను ఇంకో గిన్నెలో వేయండి. కలపవద్దు. ఏళ్ల తరబడి ఏ గేరు ఏ గేరుతో అరిగిందో దానితోనే ఉంటే చప్పుడు తక్కువ.

ట్రక్కు కింది మూత తీసి, చక్రాలు, గేర్లు బయటికి తీయండి. పాత గ్రీజు గోధుమరంగు మైనంలా గట్టిపడి ఉంటుంది. గోరువెచ్చటి నీళ్లలో అంట్లు తోమే సబ్బు కలిపి, పాత టూత్‌బ్రష్‌తో పంటి పంటికీ మధ్య రుద్దండి. మొండి జిడ్డుకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడండి. కడిగాక ప్రతి గేరునీ వెలుతురులో పట్టుకుని చూడాలి. అచ్చు పోసినప్పుడు అంచున మిగిలిన సన్నటి ప్లాస్టిక్ పొర చాలావాటికి ఉంటుంది. దాన్ని పదునైన బ్లేడుతో జాగ్రత్తగా చెక్కేయండి. ఈ ఇంజన్లు రొద చేస్తాయని అందరూ అంటారు. ఆ రొదలో సగం ఈ పొర వల్ల, మిగతా సగం వర్మ్ ముందుకీ వెనక్కీ కొట్టుకోవడం వల్ల వస్తుంది. వర్మ్‌ని వేళ్లతో కదిపి చూస్తే కొద్దిగా ఆడాలి. బాగా ఎక్కువ ఆడితే ఇంకో సన్నటి వాషర్ వేయండి. అసలు ఆడకపోతే ఒకటి తీసేయండి. ఇక్కడ తొందరపడకండి. సాయంత్రమంతా పట్టినా ఈ పనికి కేటాయించండి.

మోటారు దగ్గరికి వద్దాం. పైన, కింద లోహపు క్లిప్పులు ఉంటాయి. వాటి కింద స్ప్రింగు, కార్బన్ బ్రష్. క్లిప్పు తీసేటప్పుడు వేలు అడ్డం పెట్టకపోతే స్ప్రింగు ఎగిరిపోతుంది. బ్రష్‌లు బాగా అరిగి పొట్టిగా అయితే మార్చండి. కమ్యుటేటర్ (బ్రష్‌లు ఆనే రాగి భాగం) నల్లగా ఉంటే దూదిపుల్లకి ఆల్కహాల్ అద్ది, ఫ్లైవీల్‌ని (మోటారు షాఫ్టు మీది బరువైన చక్రాన్ని) చేత్తో తిప్పుతూ తుడవండి. రాగి రంగు బయటపడే దాకా తుడిస్తే చాలు, గరుకు కాగితం వేయవద్దు. మోటారుని మాత్రం పూర్తిగా విప్పకండి. అయస్కాంతాలు బయటికి తీస్తే పాతవాటికి పట్టు తగ్గుతుంది.

బిగించేటప్పుడు నూనె తక్కువ వేయాలి. మోటారు బేరింగులకి సూది మొనతో ఒక్కో చుక్క. గేర్లకి ప్లాస్టిక్‌ని తినని గ్రీజు, పంటికి అంటీ అంటనట్టు. నేను బేరింగులకి లాబెల్ 108 నూనె, గేర్లకి లాబెల్ 106 గ్రీజు వాడతాను. ఇంట్లో ఉంది కదా అని డబ్ల్యూడీ-40 కొట్టవద్దు. అది ఇలాంటి చిన్న గేర్లకి చేసింది కాదు, ఆరాక మళ్లీ జిడ్డు మిగులుస్తుంది. తర్వాత ఇంజన్‌ని పట్టాల మీద పెట్టి, బండి ఏదీ తగిలించకుండా, ముందుకి అరగంట, వెనక్కి అరగంట మధ్యస్థంగా నడపండి. ఈ అరగంటల్లోనే చప్పుడు తగ్గడం మీ చెవికే తెలుస్తుంది.

ఇప్పుడు కరెంటు దారి. ఒక వైపు చక్రాల నుంచి కరెంటు ట్రక్కు ద్వారా ఫ్రేములోకి వస్తుంది. ఫ్రేము నుంచి మోటారు కింది క్లిప్పుకి పోతుంది. రెండో వైపు చక్రాల కరెంటు ట్రక్కు మీద నిలబడిన లోహపు ముక్క దాకా వచ్చి, ఆ పొడుగాటి స్టీలు పట్టీని తాకి, అక్కడి నుంచి పై క్లిప్పుకి చేరుతుంది. అంటే ఇంజన్ బతుకంతా ఒకదానికొకటి ఆనుకున్న లోహపు ముక్కల మీదే ఉంది. తుప్పు పడితే ఇంజన్ ఆగి ఆగి నడుస్తుంది, పాయింట్ల మీద (పట్టాలు రెండు దారులుగా చీలే చోట) దీపం మినుకుమంటుంది. పట్టీ ఆనే చోట్లు, ట్రక్కు ఫ్రేముని తాకే చోట్లు గీకి మెరిపిస్తే కొన్నాళ్లు బాగుంటుంది. శాశ్వతంగా బాగుండాలంటే పట్టీని తీసేసి, ఒక్కో ట్రక్కు లోహపు ముక్కకి మెత్తటి సన్నని తీగ సోల్డర్ చేసి, రెండింటినీ కలిపి మోటారు పై క్లిప్పుకి పంపండి. ఫ్రేము వైపు చిన్న రంధ్రం వేసి స్క్రూతో తీగ బిగించండి. సోల్డరింగ్ ఐరన్‌ని ఎక్కువసేపు ఆనిస్తే చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కరుగుతుంది. ముందే ఆ చోటు గీకి, ఫ్లక్స్ రాసి, గబుక్కున ముగించండి. మలుపుల్లో ట్రక్కు స్వేచ్ఛగా తిరిగేంత పొడవు తీగకి వదలండి.

చక్రాల సంగతి కూడా ఇక్కడే. పాత ఎథర్న్ చక్రాలు లోహపు పొడిని అదిమి చేసినవి. వాటి పైభాగం గరుకుగా ఉండి మురికిని లాక్కుంటుంది. నికెల్ సిల్వర్ చక్రాలు వేస్తే తేడా మొదటి రోజే కనిపిస్తుంది. చక్రం ఇరుసు మధ్యలోని ప్లాస్టిక్ గేరులోకి దిగుతుంది కాబట్టి లాగి తీసి, కొత్తది తిప్పుతూ నొక్కడమే. ఎన్ఎంఆర్ఏ (అమెరికాలోని మోడల్ రైల్వే సంఘం) గేజ్ ముక్క, అంటే కొలత సరిచూసే లోహపు రేకు, దగ్గర పెట్టుకుని రెండు చక్రాల మధ్య దూరం తప్పకుండా సరిచూడండి. అది తప్పితే ప్రతి పాయింటు దగ్గరా పట్టాలు తప్పుతుంది.

డీకోడర్ ఎంచుకునే ముందు ఒక కొలత తీయాలి. 12 వోల్టులు ఇచ్చి, ఫ్లైవీల్‌ని వేళ్లతో గట్టిగా ఆపి, అమ్మీటర్‌లో ఎంత చూపిస్తుందో చూడండి. ఒకటి రెండు సెకన్లకి మించి పట్టుకోవద్దు. ఆ అంకె డీకోడర్ తట్టుకునే అంకె కంటే తక్కువ ఉండాలి. పాత మోటార్లు కొన్ని 1 ఆంపియర్ దాటేస్తాయి. అప్పుడు పెద్ద డీకోడర్ వేయండి, లేదా మోటారే మార్చండి.

అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త ఇది: మోటారు ఫ్రేముకి ఎక్కడా తగలకూడదు. కింది క్లిప్పుకి ఫ్రేముని తాకే చిన్న కొక్కేలు ఉంటాయి. వాటిని కత్తిరించి, క్లిప్పుకి తీగ సోల్డర్ చేసి, మోటారు కింద ఫ్రేము మీద ఇన్సులేషన్ టేపు పరవండి. మల్టీమీటర్‌ని బీప్ మీద పెట్టి ఒక కొన మోటారు క్లిప్పుకి, ఇంకోటి ఫ్రేముకి ఆనించండి. బీప్ వినిపిస్తే డీకోడర్ తగిలించవద్దు. ఈ ఒక్క పరీక్ష ఎగ్గొట్టడం వల్లే మంచి డీకోడర్లు కాలిపోతుంటాయి.

తీగల రంగులు అన్ని కంపెనీలకీ ఒకటే. ఎరుపు కుడి పట్టాకి, నలుపు ఎడమ పట్టాకి, నారింజ, బూడిదరంగు మోటారుకి, తెలుపు ముందు దీపానికి, పసుపు వెనక దీపానికి, నీలం రెండు దీపాలకీ కలిపి. ఫ్రేముకి ఏ వైపు చక్రాలు కలిసున్నాయో మల్టీమీటర్‌తో చూసి ఎరుపు, నలుపు కలపండి. పాత బల్బు ఫ్రేముకి తగిలి ఉంటుంది కాబట్టి దాన్ని తీసేసి, 1000 ఓమ్స్ రెసిస్టర్‌తో ఎల్‌ఈడీ పెట్టండి. మొదటిసారి ప్రోగ్రామింగ్ ట్రాక్ (డీకోడర్ సెట్టింగులు చదివి మార్చే విడి పట్టా) మీదే పెట్టండి. కొత్త డీకోడర్ అడ్రసు 3 ఉంటుంది. అది చదవగలిగితే వైరింగ్ సరిగా ఉన్నట్టే. సీవీ అంటే డీకోడర్‌లోని ఒక్కో సెట్టింగు. సీవీ2తో మొదటి కదలికకి కావాల్సిన వోల్టేజి, సీవీ3తో వేగం అందుకునే తీరు, సీవీ4తో ఆగే తీరు దిద్దుకోవచ్చు. నా పీఏకి సీవీ3 బాగా ఎక్కువ పెట్టుకుంటాను. ఆల్కో బండి గబుక్కున దూకకూడదు.

కప్లర్లు కేడీ కంపెనీ 5 నంబరువి వేయండి, ఎత్తు గేజ్‌తో సరిచూడండి. ఇక్కడ చాలామందికి తెలియని చిక్కు ఒకటుంది. ఈ ఇంజన్ల ఫ్రేములో ఎప్పుడూ కరెంటు ఉంటుంది. లోహపు కప్లర్‌ని పాత లోహపు మూత కింద పెడితే కరెంటు కప్లర్ దాకా వస్తుంది. రెండు ఇంజన్లని వీపు వీపు ఆనించి కలిపితే ఒకదాని ఫ్రేము కుడి పట్టాకి, రెండోదాని ఫ్రేము ఎడమ పట్టాకి కలిసి ఉంటాయి. కప్లర్లు తాకగానే షార్ట్. కప్లర్‌తో పాటు వచ్చే ప్లాస్టిక్ పెట్టెనే వాడి, ప్లాస్టిక్ స్క్రూతో బిగిస్తే ఆ బెడద ఉండదు. జంటగా నడపాలనుకుంటే రెండు ఇంజన్లనీ ఒక్కో అడ్రసు మీద విడిగా పరుగెత్తించి, సీవీ5తో గరిష్ఠ వేగం, సీవీ6తో మధ్య వేగం ఒకేలా ఉండేట్టు దిద్దాకే కలపండి.