రక్తం ఎక్కించే రోజు సూది భయం: మా పాపకు పనికొచ్చింది ఇదీ

మా పాపకు 6 ఏళ్లు, తలసీమియా మేజర్ (ఒంట్లో రక్తం సరిగా తయారవని, పుట్టుకతో వచ్చే జబ్బు). 3 వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ముందు రోజు రాత్రి నుంచే కడుపునొప్పి అనేది, వార్డు గుమ్మం దగ్గర నా చున్నీ వదిలేది కాదు. చాక్లెట్లు, ఫోన్‌లో కార్టూన్లు, "నొప్పే ఉండదమ్మా" అనే అబద్ధం, చివరికి నలుగురం కలిసి పట్టుకోవడం, అన్నీ అయ్యాయి. భయం ఇంకా పెరిగింది.

డాక్టర్‌గారిని అడిగి చర్మం మొద్దుబారే క్రీమ్ రాయించుకున్నాం. లిగ్నోకైన్, ప్రిలోకైన్ కలిసినది. నరం కనిపించే చోట మందంగా రాసి, పైన ప్లాస్టిక్ పట్టీ అంటించి, కనీసం గంట ఆగాలి. మొదటిసారి 20 నిమిషాలకే తుడిచేశాం, పని చేయలేదు. ఇప్పుడు ఇంట్లో బయల్దేరే ముందే రాస్తున్నాను.

అక్కడ పడుకోబెట్టను. ఒళ్లో కూర్చోబెట్టుకుని గుండెకు ఆనించుకుంటాను. "ఏ చెయ్యి ఇస్తావు బంగారం?" అని సిస్టర్ పాపనే అడుగుతారు. తర్వాత సబ్బు బుడగలు. పెద్ద బుడగ రావాలంటే మెల్లగా ఊదాలి కదా, ఆ ఊపిరి వదిలేటప్పుడే సూది వెళ్లిపోతుంది. మొన్న బుడగ సిస్టర్ కళ్లజోడు మీద పగిలింది. పాప నవ్వుతుండగానే టేప్ అంటించేశారు.

కుదరడానికి 4 సార్లు పట్టింది. నరం దొరక్క రెండోసారి గుచ్చితే ఇప్పటికీ ఏడుస్తుంది. పెద్ద పిల్లలకు బుడగలు నచ్చకపోవచ్చు. క్రీమ్ వాడొచ్చా, ఎంత రాయాలి అన్నది మాత్రం వయసు, బరువు చూసి డాక్టరే చెప్పాలి.