జాతి వివక్ష కథల్లో ప్రతీకలను చదవడం ఎలా?

కావలసినవి కథ, పెన్సిల్, ఓ గంట సమయం. ఫోన్‌లో చదవొద్దు, ప్రింట్ తీసుకోండి, మార్జిన్ లేకుండా ఈ పని కాదు. మొదటిసారి గీతలేమీ గీయకుండా చదివేయండి. రెండోసారి చదువుతూ, మళ్లీ మళ్లీ కనబడే వస్తువుల చుట్టూ సున్నా చుట్టండి. ఇక్కడిదాకా అందరూ బాగానే చేస్తారు.

చెడగొట్టేది ఆ తర్వాతే. సున్నా చుట్టగానే పక్కన "నలుపు అంటే చెడు, పూలంటే అమాయకత్వం" అని రాసేస్తారు. గైడ్లు నేర్పే పద్ధతి ఇదే, దీంతో మార్కులు వస్తాయేమో గానీ కథ మాత్రం అర్థం కాదు. వస్తువును ముందు వస్తువుగానే చూడండి: ఎవరు కొన్నారు, ఎంత పెట్టారు, ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి వెళ్లింది? అర్థం గురించి ఆఖర్న ఆలోచించొచ్చు.

అమెరికన్ రచయిత్రి ఫ్లానరీ ఒకానర్ 1961లో అచ్చు వేసిన 'ఎవ్రీథింగ్ దట్ రైజెస్ మస్ట్ కన్వర్జ్' కథ తీసుకోండి. అమెరికా దక్షిణాది బస్సుల్లో తెల్లవాళ్లకీ నల్లవాళ్లకీ విడి సీట్లు పోయిన కొత్త రోజులవి. జూలియన్ తల్లి ఏడున్నర డాలర్లు పెట్టి కొత్త టోపీ కొంది, ఆ డబ్బుతో గ్యాస్ బిల్లు కట్టొచ్చు కదా అని మథనపడుతూనే పెట్టుకుంది. తాతల నాటి తోటనీ, అందులో పనిచేసిన రెండొందల మంది బానిసలనీ తలుచుకుని బతికే మనిషి. బస్సులోకి ఒక నల్లజాతి స్త్రీ కొడుకుతో ఎక్కుతుంది, ఆమె తలమీదా అదే టోపీ.

ఇక్కడే చాలామంది "టోపీ సమానత్వానికి ప్రతీక" అని రాసి పేజీ తిప్పేస్తారు. దయచేసి ఆగండి, ఇంకో నాలుగు వాక్యాలు చదవండి. జూలియన్ తల్లి మొదట బిత్తరపోతుంది, కాసేపటికే ఒక కోతి తన టోపీ ఎత్తుకుపోయినట్టు చూసి నవ్వుకుంటుంది. ఇద్దరి తలమీదా ఉన్నది ఒకటే టోపీ అయినా, ఎదుటి మనిషిని తనతో సమానంగా చూడకుండా ఉండే దారి ఆమె ఇట్టే వెతుక్కుంది. వివక్ష ఎలా పనిచేస్తుందో ఒకానర్ చూపించింది ఆ నవ్వులోనే, "సమానత్వం" అని రాసినవాళ్లకి అది కనబడదు.

దిగేటప్పుడు జూలియన్ తల్లి ఆ నల్లజాతి పిల్లాడికి ఐదు సెంట్ల నాణెం ఇవ్వబోయి, అది దొరక్క కొత్త పెన్నీ, అంటే ఒక సెంటు నాణెం, ఇస్తుంది. ఆమె లెక్కలో అది దయ. పిల్లాడి తల్లి మాత్రం చేతి సంచీతో ఒక్కటిస్తుంది. 1909 నుంచీ ఆ నాణెం మీద బానిసత్వాన్ని రద్దు చేయించిన అధ్యక్షుడు లింకన్ బొమ్మ ఉందని కొందరు అక్కణ్నుంచే మొదలుపెడతారు, నేనైతే అది ఆఖర్న రాయమంటాను. ముందు ఇచ్చే చెయ్యి ఎవరిది, పుచ్చుకోవాల్సిన చెయ్యి ఎవరిదని ఎవరు నిర్ణయించారో రాయండి.

మన ఊళ్లలో టీ హోటళ్ల రెండు గ్లాసుల పద్ధతి గురించి ఎవరైనా చెప్తే ఆ గ్లాసు దేనికి ప్రతీక అని మనం అడగం, దాన్ని ఎవరు కడుక్కోవాలని అడుగుతాం. ఆ ప్రశ్నే ఇక్కడా పట్టుకురండి. అలాగని ఇది మన కులం కథేనని తేల్చేయకండి, బానిసత్వపు చరిత్ర వేరు, దాని వివరాలు వేరు.

ఇదంతా కాస్త అలవాటయ్యాకే అమెరికా నల్లజాతి రచయిత్రి ఆలిస్ వాకర్ 1973 నాటి కథ 'ది ఫ్లవర్స్' చదవండి, రెండు పేజీలే. పదేళ్ల నల్లజాతి పిల్ల మయోప్ పూలు ఏరుకుంటూ అడవిలో ఒక మనిషి పుర్రెలోకి కాలు పెడుతుంది. పక్కనే ఉన్న అడవి గులాబీని కోస్తుంటే దాని మొదలు చుట్టూ కుళ్లిపోయిన ఉరితాడు ఉంగరంలా కనబడుతుంది. పైన ఓక్ కొమ్మకి ఇంకో ముక్క. ఎవరు కట్టారో కథ ఎక్కడా చెప్పదు. పిల్ల పూలు కింద పెట్టేస్తుంది. ఆ తాడు చుట్టూ సున్నా చుట్టండి, పక్కన అర్థం రాయకండి, "ఎవరు కట్టారు?" అని మాత్రం రాసి మళ్లీ మొదటి వాక్యం నుంచి చదవండి.