అరసవల్లిలో సూర్యుడు, శ్రీకూర్మం దారిలో ప్లూటో: రోడ్డు మీద సౌరకుటుంబం పేర్చే పద్ధతి

నేను డ్రిల్లు మాస్టారిని. సైన్సు నా సబ్జెక్టు కాదు, కొలత మాత్రం నా పనే. టేపు, సున్నం, విజిల్ లేకుండా నాకు తెల్లారదు. అందుకే సౌరకుటుంబం బొమ్మ ఎక్కడ చూసినా ఒళ్ళు మండుతుంది. ఆ బొమ్మలో గుండ్రాలకు ఒక స్కేలు, దూరాలకు ఇంకో స్కేలు. రెండింటికీ ఒకటే పెడితే అది కాగితంలో పట్టదు, రోడ్డెక్కాల్సిందే. ఎలా ఎక్కాలో చెబుతాను.

స్కేలు: ఒక మీటరుకు పది లక్షల కిలోమీటర్లు. అంటే మిల్లీమీటరుకు వెయ్యి. దీనితో లెక్కలు నోటితోనే తేలిపోతాయి. భూమి వ్యాసం 12,700 కిలోమీటర్లు కాబట్టి దాదాపు 13 మిల్లీమీటర్లు, చిన్న గోళీ. సూర్యుడు 1.39 మీటర్లు.

సూర్యుణ్ణి ఎక్కడ పెట్టాలన్న గొడవ శ్రీకాకుళం వాళ్ళకి లేదు. అరసవల్లి ఉంది. అక్కణ్ణించి శ్రీకూర్మం వెళ్ళే రోడ్డు పట్టండి. ఆదివారం మాత్రం వద్దు, సూర్యనారాయణస్వామి భక్తులతో ఆ పక్కంతా కిటకిటలాడుతుంది. మాఘమాసంలో అయితే ఆ ఆలోచనే పెట్టుకోకండి. మామూలు రోజున, తెల్లవారగానే, గుడి రద్దీకి దూరంగా రోడ్డు తిన్నగా సాగే చోట మొదలుపెట్టండి.

సూర్యుణ్ణి నేలమీద సున్నంతో గీస్తే నూరడుగులు వెళ్ళేసరికి కనబడడు. నిలబెట్టాలి. దానికి పాత ఫ్లెక్సీని మించింది లేదు. ఎవరిదో ఒకరి పుట్టినరోజు ఫ్లెక్సీ ప్రతి ఊళ్ళోనూ దొరుకుతుంది. వెనకవైపు తెల్లగా ఉంటుంది కాబట్టి దారానికి సుద్దముక్క కట్టి, 70 సెంటీమీటర్లకు ఒక్క అరసెంటీమీటరు తగ్గించి, గుండ్రం గీసి పసుపు రంగు వేయండి. నాలుగడుగుల వెడల్పుది చాలదు, ఐదడుగులది అడగండి. రెండు వెదురు బొంగులకు కట్టి నిలబెట్టేయండి.

ఇక గ్రహాలు. వంటింట్లో సగం దొరుకుతాయి. బుధుడికి మినపగింజ, శుక్రుడికి భూమి కంటే పిసరంత చిన్న గోళీ, అంగారకుడికి ఎండు బఠాణీ. గురుడికి తాటికాయ. చుట్టుకొలత 44 సెంటీమీటర్లు వచ్చేది ఏరుకోండి. కాలం కాకపోతే కాగితం గుజ్జుతో ఉండ చేసుకోవచ్చు. శనికి పీచు తీసిన పెద్ద కొబ్బరికాయ, చుట్టుకొలత 38. దాని వలయాలను కాగితంతో కత్తిరించండి: బయటి అంచు 27 సెంటీమీటర్లు, లోపలి కన్నం 15. పల్చని కాగితం కదా అనుకుంటారు గానీ, దాని మందమే ఈ స్కేలులో వంద కిలోమీటర్లు. అసలు వలయాల మందం చాలాచోట్ల పదుల మీటర్లే! యురేనస్‌, నెప్ట్యూన్లకు రెండు పెద్ద నిమ్మకాయలు.

మరుగుజ్జు గ్రహాల దగ్గర అసలు ఓపిక కావాలి. సెరిస్ వ్యాసం 940 కిలోమీటర్లు, అంటే ఒక గసగసాల గింజ. ప్లూటో, ఎరిస్ రెండూ 2,300 పైచిలుకు, సన్నరకం సగ్గుబియ్యం సరిపోతుంది. మకెమకెకి ఆవగింజ. హౌమియా తన చుట్టూ తాను నాలుగు గంటలకోసారి తిరిగేస్తూ కోలగా సాగింది, దానికి నువ్వుగింజే పెట్టాలి. వీటిని చేత్తో పట్టుకెళ్తే సముద్రపు గాలికి ఎగిరిపోతాయి. చెప్పుల డబ్బా అట్టకు నల్ల కాగితం అంటించి, మధ్యలో అగ్గిపుల్ల మొనతో ఫెవికాల్ చుక్క పెట్టి, తడి చేసిన వేలితో గింజను ఎత్తి దించాలి. ఇది చేయడానికి తొమ్మిదో తరగతి ఆడపిల్లల్ని పిలవండి. మగపిల్లలకిస్తే సెరిస్‌ని నలిపేస్తారు.

సామాను పూర్తయ్యాక టేపు తీయండి. ఫ్లెక్సీ నుంచి బుధుడు 58 మీటర్లు, శుక్రుడు 108, భూమి 150, అంగారకుడు 228. ఇక్కడిదాకా యాభై మీటర్ల టేపు చాలు.

భూమి దగ్గర మాత్రం ఆగండి. తొందరపడేవాళ్ళు ఇక్కడే మంచి భాగం వదిలేస్తారు. చంద్రుడు ఈ స్కేలులో మూడున్నర మిల్లీమీటర్ల పెసరగింజ, గోళీకి 38 సెంటీమీటర్ల దూరంలో. పెసరగింజను చీపురుపుల్ల కొసకు అంటించండి. ఒక అట్టముక్కకు పిన్నుతో చిల్లు పొడిచి, గోళీ ఉన్నచోట కన్ను పెట్టి, ఆ చిల్లులోంచి ఫ్లెక్సీ వైపు చూడండి. చిల్లు లేకపోతే గింజ అంచు మసకబారుతుంది. గింజను కంటికి సరిగ్గా 38 దగ్గర పట్టుకుంటే పసుపు గుండ్రం దాదాపు మొత్తం దాని వెనక్కి పోతుంది. 36కి తెస్తే పూర్తిగా మాయం, సంపూర్ణ గ్రహణం. 40కి జరిపితే చుట్టూ సన్నని పసుపు అంచు మిగులుతుంది, వలయ గ్రహణం. చంద్రుడు నిజంగానే ఈ హద్దుల మధ్య దగ్గరికీ దూరానికీ తిరుగుతాడు. అసలు సూర్యుణ్ణి మాత్రం ఈ చిల్లులోంచి గానీ ఇంకెలా గానీ చూడనివ్వకండి, కళ్ళు పోతాయి.

ఇక్కడే ఎవడో ఒకడు అడుగుతాడు, "రాహువు, కేతువు ఎక్కడ మాస్టారూ?" అని. అవి గింజలు కావు, చోట్లు. ఆకాశంలో చంద్రుడి దారి సూర్యుడి దారిని దాటే రెండు బిందువులు. అమావాస్య గానీ పున్నమి గానీ ఆ చోట్ల దగ్గర పడితేనే గ్రహణం.

అంగారకుడు దాటాక సైకిలు తీయండి. చక్రం వాల్వు దగ్గర నేలమీద గీత గీసి, పది చుట్లు దొర్లించి, ఆ దూరం టేపుతో కొలవండి. పదో వంతు ఒక చుట్టు. చువ్వకు రిబ్బను కట్టి, చుట్టుకోసారి లెక్కపెడుతూ నడిపించాలి. సెరిస్ 414 మీటర్ల దగ్గర. అక్కడ గ్రహశకలాల పట్టీ కదా అని పిల్లలు గుప్పెడు ఇసుక చల్లబోతారు, ఆపండి. ఆ పట్టీ మొత్తం కలిపినా చంద్రుడి బరువులో పాతిక వంతు రాదు. గురుడు 778 మీటర్లు, శని 1,430. ఆ తర్వాత మోటారు సైకిలు మీటరే గతి: యురేనస్ 2.9 కిలోమీటర్లు, నెప్ట్యూన్ 4.5.

టీ కొట్టు దగ్గర పెద్దాయన ఎవరో ఒకరు అడగనే అడుగుతారు, "ఏటి మాస్టారూ, సగ్గుబియ్యం గింజొకటి పట్టుకొని బండేసుకు తిరుగుతన్నారు?" అని. ఆయనకీ ఒక అట్ట ఇచ్చి పట్టుకోమనండి. ప్లూటో సగటున 5.9 కిలోమీటర్లు, కానీ 4.4 నుంచి 7.4 దాకా ఊగుతుంది. అందుకే 1979 నుంచి 1999 దాకా నెప్ట్యూన్ కంటే లోపలే ఉంది. హౌమియా, మకెమకె సగటు దూరాలు ఆరున్నర, 6.8. ఎరిస్ ఇప్పుడు పద్నాలుగు దాటి ఉంది, బండి శ్రీకూర్మం చుట్టుపక్కలకు పోనివ్వాలి.

ప్లూటోను ఎందుకు తీసేశారన్న ప్రశ్న వస్తుంది. 2005లో ఎరిస్ సంగతి బయటపడ్డాక, ప్లూటో గ్రహమైతే అదెందుకు కాదన్న పేచీ మొదలైంది. 2006 ఆగస్టు 24న ప్రేగ్‌లో అంతర్జాతీయ ఖగోళ సంఘం ఓటు పెట్టి తేల్చింది. సూర్యుడి చుట్టూ తిరగాలి, సొంత బరువుకే గుండ్రంగా అవ్వాలి, తన దారిని ఖాళీ చేసుకోవాలి. నేనైతే ట్రాకు లెక్కలో చెబుతా: లేను మొత్తం తనదే అయినవాడు గ్రహం, గుంపులో పడి పరిగెత్తేవాడు మరుగుజ్జు గ్రహం. సెరిస్‌ది కూడా ఇదే కథ. 1801లో దొరికినప్పుడు దాన్నీ గ్రహమనే అన్నారు.

వెలుగు వేగం చూపించాలంటే ఈ స్కేలులో సెకనుకు 30 సెంటీమీటర్లు. ఒక పిల్లాణ్ణి మడమకు బొటనవేలు ఆనించి, సెకనుకో పాదం చొప్పున ఫ్లెక్సీ నుంచి గోళీ దాకా నడవమనండి. ఎనిమిది నిమిషాల ఇరవై సెకన్లు పట్టాలి. సగంలోనే మిగతావాళ్ళు విసుక్కుంటారు. నెప్ట్యూన్ దాకా నడిపిస్తే నాలుగు గంటలు దాటుతుందని చెప్పండి, నోరు మూస్తారు. సూర్యుడి తర్వాత మనకు అన్నిటికంటే దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ. దానికి ఈ స్కేలులో 40 వేల కిలోమీటర్లు. భూమి చుట్టూ ఒక చుట్టు తిరిగి మళ్ళీ అరసవల్లిలో తేలినంత.

ఒక్క ముక్క పిల్లలకు ముందే చెప్పాలి: గ్రహాలు ఇలా ఒకే వరసలో నిలబడవు. రోడ్డు దూరం చూపించడానికే. గోళీ సూర్యుడికి ఏ దిక్కున, ఏ పొలం గట్టు మీద ఉన్నా 150 మీటర్లే.

రోడ్డు మీద పిల్లల్ని దింపడానికి హెడ్‌మాస్టరు ఒప్పుకోకపోతే స్కేలు పదింతలు తగ్గించి బడి మైదానంలోనే వేయండి. సూర్యుడు తాటికాయంత, భూమి 15 మీటర్ల దగ్గర ఆవగింజ, నెప్ట్యూన్ 450 మీటర్లు. 400 మీటర్ల ట్రాకు ఉంటే ఒక చుట్టు తిరిగి ఇంకో యాభై మీటర్లు వేసుకోండి. ప్లూటోకి మాత్రం అట్ట మీద పెన్సిలు మొనతో చుక్క పెట్టాల్సిందే, అంత చిన్న గింజ ఏ కొట్లోనూ దొరకదు.