అల్ట్రాసౌండ్ ప్రోబ్‌కు తక్కువ విద్యుత్తుతో నడిచే యాంప్లిఫయర్‌ను డిజైన్ చేయడం

ప్రోబ్‌లో అమర్చే యాంప్లిఫయర్ అనగానే చాలామంది గెయిన్ (సిగ్నల్‌ను ఎన్ని రెట్లు పెంచాలన్నది) ఎంత ఉండాలన్న లెక్కతో మొదలుపెడతారు గాని, ముందుగా తేల్చుకోవలసింది వేడి సంగతి. అల్ట్రాసౌండ్ పరికరాల భద్రతకు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60601-2-37 ప్రకారం రోగి శరీరానికి ఆనే ప్రోబ్ ఉపరితలం 43 డిగ్రీల సెల్సియస్‌ను దాటకూడదు. శరీరంలోకి పంపే ట్రాన్స్‌మిట్ పల్సులు, ట్రాన్స్‌డ్యూసర్ (విద్యుత్తును ధ్వనిగా, ధ్వనిని విద్యుత్తుగా మార్చే భాగం) లోపలి నష్టాలు ఆ హద్దులో తమ వాటా తీసుకున్నాక మిగిలిందే రిసీవ్ సర్క్యూట్లకు దక్కుతుంది. 64 అడ్డ వరుసలు, 64 నిలువు వరుసలు ఉన్న మాట్రిక్స్ ప్రోబ్‌లో 4,096 ఎలిమెంట్లు (ధ్వనిని పంపి, అందుకునే చిన్న ముక్కలు) ఉంటాయి కాబట్టి, ఒక్కో యాంప్లిఫయర్ పావు మిల్లీవాట్ వాడుకున్నా మొత్తం ఒక వాట్ దాటిపోతుంది. అదే యాంప్లిఫయర్లు 128 ఎలిమెంట్ల లీనియర్ ప్రోబ్‌లో అన్నీ కలిపి 32 మిల్లీవాట్లే తీసుకుంటాయి; అక్కడ ఇంత పిసినారితనం అక్కర్లేదు.

ఇంత శ్రమపడి యాంప్లిఫయర్‌ను ప్రోబ్‌లోనే పెట్టడానికి కారణం కేబుల్. చిన్న పీజో ఎలిమెంట్ 5 మెగాహెర్ట్జ్ దగ్గర 1 కిలోఓమ్ రెసిస్టెన్స్‌లా ప్రవర్తిస్తుందనుకుందాం. మీటరుకు 100 పికోఫారడ్ల చొప్పున రెండు మీటర్ల కేబుల్‌ను నేరుగా దానికి తగిలిస్తే, సిగ్నల్‌లో ఆరో వంతు కూడా అవతలి కొసకు చేరదు.

ఇక నాయిస్ లెక్కకు వద్దాం. 1 కిలోఓమ్ మూలం, అంటే మన ఎలిమెంట్, తనంతట తానే రూట్ హెర్ట్జ్‌కు సుమారు 4 నానోవోల్టుల థర్మల్ నాయిస్ ఇస్తుంది. యాంప్లిఫయర్ నాయిస్ అందులో సగం, అంటే 2 నానోవోల్టులు ఉంటే నాయిస్ ఫిగర్ (యాంప్లిఫయర్ వల్ల మొత్తం నాయిస్ ఎంత పెరిగిందో చెప్పే కొలత) దాదాపు 1 డెసిబెల్ అవుతుంది. అంతకంటే తగ్గించాలని పట్టుబట్టడం కరెంటును వృథా చేసుకోవడమే. 2 నానోవోల్టులు సాధించాలంటే ఇన్‌పుట్ ట్రాన్సిస్టర్ ట్రాన్స్‌కండక్టెన్స్ (గేట్ వోల్టేజీ మారితే కరెంటు ఎంత మారుతుందన్నది) 2.8 మిల్లీసీమెన్స్ ఉండాలి. ట్రాన్సిస్టర్‌ను మోడరేట్ ఇన్వర్షన్‌లో (ట్రాన్సిస్టర్ పూర్తిగా తెరుచుకోకుండా మధ్యస్థంగా పనిచేసే స్థితిలో), ఆంపియరుకు 20 సీమెన్స్ వచ్చే చోట బయాస్ చేస్తే 140 మైక్రోఆంపియర్లు సరిపోతాయి, 1.8 వోల్టుల సప్లై మీద అది పావు మిల్లీవాట్.

దీన్ని సగం చేసే మార్గం ఇన్వర్టర్ నిర్మాణం. ఒకే కరెంటు ఎన్‌మాస్, పీమాస్ అనే రెండు రకాల ట్రాన్సిస్టర్ల గుండా ప్రవహిస్తుంది, రెండింటి ట్రాన్స్‌కండక్టెన్సులూ కలుస్తాయి కాబట్టి 70 మైక్రోఆంపియర్లతోనే అదే నాయిస్ సాధ్యమవుతుంది. అయితే సప్లైలోని అలజడి దాదాపు నేరుగా అవుట్‌పుట్‌కు చేరుతుంది కనుక, ప్రతి గుంపు యాంప్లిఫయర్లకూ ఒక చిన్న రెగ్యులేటర్ పెట్టి, దాని కరెంటును కూడా బడ్జెట్‌లో మొదటి రోజే రాసుకోవాలి.

గెయిన్‌ను కెపాసిటర్ల నిష్పత్తితో నిర్ణయించడం మేలు. ఇన్‌పుట్‌లో 3 పికోఫారడ్లు, ఫీడ్‌బ్యాక్‌లో 0.375 పికోఫారడ్ పెడితే గెయిన్ 8, అంటే 18 డెసిబెల్లు. ఇక్కడే కాగితం మీది లెక్క బోల్తా కొడుతుంది. ట్రాన్సిస్టర్ గేట్ వద్ద 1 పికోఫారడ్ పారాసిటిక్ (కోరకుండానే ఏర్పడే కెపాసిటెన్స్) ఉంటే, యాంప్లిఫయర్ నాయిస్ మొత్తం కెపాసిటెన్స్‌ను (3 + 0.375 + 1) 3తో భాగించిన నిష్పత్తిలో, అంటే 1.46 రెట్లు పెరిగి, 2 నానోవోల్టులు కాస్తా 2.9 అవుతాయి; నాయిస్ ఫిగర్ 1.8 డెసిబెల్లకు చేరుతుంది. ట్రాన్సిస్టర్‌ను వెడల్పు చేసుకుంటూ పోతే ఈ పారాసిటిక్ కూడా పెరుగుతుంది కనుక ఒక దశ తరువాత లాభం కంటే నష్టమే ఎక్కువ.

కణజాలంలో సిగ్నల్ సెంటీమీటరుకు, మెగాహెర్ట్జ్‌కు సుమారు 0.5 డెసిబెల్ చొప్పున క్షీణిస్తుంది కనుక, 5 మెగాహెర్ట్జ్ వద్ద 10 సెంటీమీటర్ల లోతు నుంచి వచ్చే ప్రతిధ్వని రానూపోనూ 50 డెసిబెల్లు కోల్పోతుంది. దగ్గరి ప్రతిధ్వనులు అవుట్‌పుట్‌ను ముంచెత్తకుండా ఫీడ్‌బ్యాక్ కెపాసిటర్‌ను స్విచ్‌లతో పెంచి గెయిన్‌ను 0 డెసిబెల్ వరకు దించే ఏర్పాటు ఉండాలి. స్టెబిలిటీని ఆ కనిష్ఠ గెయిన్ వద్దే పరీక్షించాలి, ఎందుకంటే ఫీడ్‌బ్యాక్ అన్నింటికంటే బలంగా ఉండేది అక్కడే.

చాలా డిజైన్లు చతికిలబడేది ట్రాన్స్‌మిట్ పల్స్ తరువాత కోలుకోవడంలో. పల్స్ పదుల వోల్టులు ఉంటుంది; పల్స్ సాగేంత సేపూ యాంప్లిఫయర్‌ను వేరుచేసి ఉంచే టీఆర్ (ట్రాన్స్‌మిట్/రిసీవ్) స్విచ్ దాన్ని అడ్డుకున్నా కొంత చార్జ్ లోపలికి చొరబడుతుంది. బయాస్ కోసం పెట్టిన అతి పెద్ద రెసిస్టర్ గుండా ఆ చార్జ్ కారిపోవడానికి చాలా సమయం పడుతుంది. కాబట్టి ట్రాన్స్‌మిట్ జరుగుతున్నంత సేపూ ఇన్‌పుట్‌ను అవుట్‌పుట్‌తో కలిపి ఉంచే రీసెట్ స్విచ్ తప్పనిసరి. ధ్వని వేగం సెకనుకు 1,540 మీటర్లు కనుక, కోలుకోవడం 1 మైక్రోసెకను ఆలస్యమైతే చర్మం కింద 0.77 మిల్లీమీటరు మేర చిత్రం పోయినట్లే.

కొలిచేటప్పుడు 50 ఓమ్‌ల సిగ్నల్ జనరేటర్‌ను నేరుగా తగిలించకుండా, ఎలిమెంట్‌కు సమానమైన 1 కిలోఓమ్‌ను మధ్యలో పెట్టాలి. ఒకసారి నా బోర్డులో నాయిస్ సిమ్యులేషన్ కంటే ఎక్కువ వచ్చింది. రెండు రోజులు ట్రాన్సిస్టర్లనే అనుమానించాక తేలిందేమిటంటే, టీఆర్ స్విచ్‌కు ఉన్న 100 ఓమ్‌ల ఆన్ రెసిస్టెన్స్ ఇచ్చే 1.3 నానోవోల్టులను నేను లెక్కలో చేర్చనే లేదు.