డూలాగా పనిచేయాలంటే ముందు క్లాసు, తర్వాతే లేబర్ రూము

డూలా అంటే నొప్పులు మొదలైనప్పటి నుంచి బిడ్డకు తొలిపాలు పట్టేదాకా తల్లి పక్కన ఉండే తోడు. మంత్రసాని కాదు, నర్సూ కాదు. లోపరీక్ష చేయకూడదు, మందు ఇవ్వకూడదు, డాక్టరు తరఫునో తల్లి తరఫునో నిర్ణయాలు తీసుకోకూడదు. నడుము నొక్కడం, భంగిమ మార్పించడం, అర్థం కానిది డాక్టరును అడిగేలా తల్లికి ధైర్యం చెప్పడం ఆమె పని. మన దేశంలో ఈ వృత్తికి ప్రభుత్వ లైసెన్సు లేదు. అందుకే ఆ గీత మీరే గీసుకోవాలి.

శిక్షణకు డోనా, లమాజ్ వంటి అంతర్జాతీయ సంస్థలున్నాయి, ఇక్కడివాళ్లు నడిపే కోర్సులూ ఉన్నాయి. ఫీజు కట్టే ముందు రెండే అడగండి: నిజమైన కాన్పులకు తోడుండే అవకాశం ఎవరు ఇప్పిస్తారు? సర్టిఫికెట్‌ను ఎన్నేళ్లకోసారి, ఎంత ఖర్చుతో పునరుద్ధరించుకోవాలి? వారాంతపు వర్క్‌షాపు ఒక్కటీ చేసి బోర్డు పెట్టేవాళ్లు మొదటి పొడుగాటి కాన్పుకే బెదిరిపోతారు.

ఆదాయం మొదలయ్యేది గర్భిణులకు, వాళ్ల భర్తలకు కాన్పు గురించి మీరు చెప్పే క్లాసులతోనే. నాలుగైదు జంటలు, రెండేసి గంటల చొప్పున ఆరు క్లాసులు చాలు. అయితే మన ఇళ్లలో ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో అమ్మాయి పుట్టింటికి వెళ్లిపోతుంది. పాశ్చాత్య దేశాల పాఠ్యక్రమం చూసి ఎనిమిదో నెలలో బ్యాచ్ పెడితే సగం మంది ఉండరు. అయిదో నెల నిండగానే మొదలుపెట్టండి, చివరి రెండు క్లాసులు ఆన్‌లైన్‌లో ఉంచండి. ఎవరు ఫోన్ చేసినా మొదటి ప్రశ్న "పురుడు ఏ ఊళ్లో?" అన్నదే. హైదరాబాదులో ఒప్పందం రాసుకుని గుంటూరులో కాన్పయితే మీరు చేసేదేమీ ఉండదు.

గర్భాశయ ముఖద్వారం ఎలా తెరుచుకుంటుందో బొమ్మ గీసి చెప్తే ఎవరికీ ఎక్కదు. 12 అంగుళాల బెలూన్‌ను రెండుసార్లు ఊది వదిలి మెత్తబరచండి. లోపలికి పింగ్‌పాంగ్ బంతి దూర్చి, సగానికి కొంచెం ఎక్కువ ఊది, మూతి కట్టకుండా కిందికి పట్టుకోండి. బంతి మెడ దగ్గర బిగిసి గాలిని ఆపుతుంది. పక్కలు నొక్కితే మెడ అలాగే ఉంటుంది, అవి దొంగనొప్పులు. పైభాగాన్ని లయగా నొక్కుతూ పోతే మెడ పొట్టిదై, పల్చబడి, తెరుచుకుని బంతి బయటికొస్తుంది. నిండా ఊదారంటే పగులుతుంది, గర్భిణుల ముందు అంత బాగుండదు!

సిజేరియన్‌కు ఒక పూర్తి క్లాసు కేటాయించండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే, ఆంధ్రలో 42.4 శాతం. సహజ కాన్పే గొప్పని బోధిస్తే కోత పడిన తల్లి ఓడిపోయాననుకుంటుంది. ముహూర్తం పెట్టించుకునే కుటుంబాలతో వాదించకండి, వారాలు నిండకుండా తీస్తే బిడ్డ ఊపిరికి ఇబ్బందని చెప్పి డాక్టరునే అడగమనండి.

ఇక ఆస్పత్రి తలుపు. ప్రభుత్వ ఆస్పత్రుల్లో కాన్పు వేళ తోడు ఉండొచ్చని కేంద్రం 2016లోనే చెప్పింది, కానీ తోడు ఒక్కరే. మీరు లోపలికెళ్తే గర్భిణి వాళ్లమ్మ బయటుండాలి. అలాంటిచోట ఆ అమ్మకే నడుము నొక్కడం నేర్పించడం మేలు. ప్రైవేటులో 32 వారాలకల్లా జంటతో కలిసి డాక్టరును కలవండి. భర్తా డూలా ఇద్దరూ ఉండొచ్చా, నడవనిస్తారా, ఆపరేషన్ థియేటర్‌లోకి రానిస్తారా అని అడిగి, ఒప్పుకున్నది ఫైలులో రాయించండి. పగలు డాక్టరు నోటిమాటగా సరేనన్నది రాత్రి డ్యూటీవాళ్లకు తెలియదు, గేటు దగ్గరే ఆపేస్తారు.

38 నుంచి 42 వారాల దాకా ఏ గంటకు ఫోనొచ్చినా వెళ్లాలి. చెప్పిన తేదీకే పుట్టే పిల్లలు నూటికి అయిదుగురు కూడా ఉండరు కాబట్టి నెలకు ఇద్దరికి మించి ఒప్పుకోకండి. రెండు కాన్పులు ఒకే రాత్రి రావచ్చు, బదులు వెళ్లే డూలాను జంటకు ముందే పరిచయం చేయండి. సగం ఫీజు ఒప్పందం రోజున, మిగతాది 36వ వారంలోపు తీసుకోండి. సిజేరియన్ అయ్యాక "మీరేం చేశారు?" అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. సిజేరియనైనా, మీరు చేరేలోపే బిడ్డ పుట్టినా ఎంత తిరిగిస్తారో ఒప్పందంలోనే తెలుగులో రాసి, అత్తగారికి కూడా చదివి వినిపించండి.