ఎర్బియం గాజు సూక్ష్మగోళంలో లేజర్ రాకపోతే, స్విచింగ్ నిలకడగా లేకపోతే: సమస్య - పరిష్కారం

ఎర్బియం అనే మూలకం కలిపిన గాజు గోళం లేజర్ ఇవ్వకపోతే, లేదా స్విచింగ్ (ఒక కాంతితో మరో కాంతి ప్రసారాన్ని మార్చడం) సరిగా చేయకపోతే చాలామంది మొదట గాజునే అనుమానిస్తారు. నిజానికి తప్పు తరచుగా గోళానికీ, కాంతిని అందించే సాగదీసిన ఫైబర్‌కూ మధ్యనున్న సందులోనో, గోళంలో పోగయ్యే వేడిలోనో ఉంటుంది. కాబట్టి కొత్త గోళం తయారుచేసే ముందు ఆ రెండింటినీ పరీక్షించాలి. కింది వివరాలు సుమారు 50 మైక్రోమీటర్ల వ్యాసమున్న సిలికా గోళానికి వర్తిస్తాయి.

సమస్య: మైక్రోస్కోప్‌లో గోళం నడుము చుట్టూ ఆకుపచ్చ వలయం మెరుస్తోంది, కానీ 1550 నానోమీటర్ల ప్రాంతంలో లేజర్ రేఖ కనిపించదు.

కారణం: ఆ వలయం కనిపించిందంటే 980 నానోమీటర్ల పంప్ కాంతి (అయాన్లకు శక్తినిచ్చే కాంతి) లోపలికి చేరుతున్నట్టే. ఎర్బియం అయాను రెండు ఫోటాన్ల శక్తిని వరుసగా గ్రహించి పైస్థాయికి ఎక్కి 520 నుంచి 550 నానోమీటర్ల మధ్య ఆకుపచ్చ వెలుగునిస్తుంది, అంటే శక్తిలో కొంత మనకు అక్కరలేని దారిన పోతోంది. అయితే అంతకన్నా తరచుగా ఎదురయ్యే కారణం వేరే ఉంది. గోళం ఉపరితలం దాటి బయటికి వ్యాపించే క్షేత్రం 980 కన్నా 1550 వద్ద ఎక్కువ దూరం చాచుకుంటుంది కాబట్టి, పంప్‌కు సరిపోయేంత దగ్గరగా ఫైబర్‌ను పెట్టినప్పుడు లేజర్ కావలసిన కాంతి ఫైబర్‌లోకి కారిపోయి, లేజర్ మొదలవడానికి కావలసిన పంప్ శక్తి పెరిగిపోతుంది.

పరిష్కారం: పియెజో స్టేజ్‌తో (విద్యుత్‌తో అతి సూక్ష్మంగా కదిలే వేదికతో) ఫైబర్‌ను కొన్ని పదుల నానోమీటర్ల చొప్పున వెనక్కి జరుపుతూ స్పెక్ట్రం చూడండి. ఒకచోట సన్నని రేఖ లేస్తే గాజులో లోపం లేదన్నమాట. పంప్‌ను 1480 నానోమీటర్లకు మార్చడం మరింత మంచి మార్గం, ఎందుకంటే రెండు క్షేత్రాల వ్యాప్తి అప్పుడు దాదాపు సమానమవుతుంది. ఇవేవీ పనిచేయకపోతేనే అయాన్లు గుంపుగూడాయేమోనని ఆలోచించి, గాఢత తగ్గించాలి, లేదా ఎర్బియాన్ని ఎక్కువగా కరిగించుకునే ఫాస్ఫేట్ గాజుకు మారాలి.

సమస్య: లేజర్ 1530 దగ్గర కాకుండా 1600 వైపు వస్తోంది.

ఇది లోపం కాదు. నష్టం తక్కువగా ఉన్న గోళంలో కొద్దిపాటి అయాన్లు ఉత్తేజితమైనా చాలు కాబట్టి, తిరిగి గ్రహించడం తక్కువగా ఉండే పొడవైన తరంగదైర్ఘ్యం ముందు గెలుస్తుంది. పొట్టి తరంగదైర్ఘ్యం కావాలంటే ఫైబర్‌ను కాస్త దగ్గరకు తెచ్చి నష్టాన్ని పెంచండి.

సమస్య: స్విచింగ్ కనిపిస్తోంది, కానీ చాలా నెమ్మదిగా ఉంది, స్కాన్ దిశను బట్టి మారుతోంది.

ఆసిలోస్కోప్ తెర మీదే దీని సంతకం ఉంటుంది. రెజొనెన్స్ అంటే గోళం చుట్టూ తిరిగే కాంతి బలపడే తరంగదైర్ఘ్యం; అక్కడ ఫైబర్ నుంచి వచ్చే కాంతి తగ్గి తెర మీద గుంట పడుతుంది. తరంగదైర్ఘ్యం పెరుగుతున్నప్పుడు ఈ రెజొనెన్స్ గుంట త్రిభుజంలా సాగి చివర ఒక్కసారిగా తెగుతుంది, తగ్గుతున్నప్పుడు అదే గుంట సన్నగా ఉంటుంది. వేడెక్కిన సిలికాలో వక్రీభవన గుణకం పెరిగి, ఒక్కో డిగ్రీకి రెజొనెన్స్ సుమారు 10 పికోమీటర్ల చొప్పున ఎర్రవైపు జరుగుతుంది కాబట్టి అది స్కాన్‌తో పాటే పరుగెడుతుంది. చూడటానికి ఎంత అందంగా ఉన్నా, దీన్ని ఎర్బియం స్విచింగ్‌గా నమోదు చేయకూడదు. వేడిలాగే ఎర్బియం స్పందన కూడా నెమ్మదే, దాని లేజర్ పైస్థాయి జీవితకాలం సుమారు 10 మిల్లీసెకన్లు, కాబట్టి వేగాన్ని బట్టి మాత్రమే ఈ రెండింటినీ వేరుచేయలేము.

అందుకని పంప్‌కు దూరంగా ఉన్న మరో రెజొనెన్స్ మీద బలహీనమైన ప్రోబ్ (పరీక్షించే) కాంతిని పెట్టి, పంప్ కాంతి డిటెక్టర్‌కు చేరకుండా ఫిల్టర్‌తో అడ్డుకుని చూడాలి. గుంట స్థానం కదిలితే వేడి, స్థానం దాదాపు అలాగే ఉండి లోతు మారితే అయాన్ల గెయిన్ (కాంతిని పెంచే గుణం). వేడి అని తేలితే పంప్ శక్తిని తగ్గించండి, పొట్టి తరంగదైర్ఘ్యం వైపు నుంచి నెమ్మదిగా రెజొనెన్స్‌ను చేరి అక్కడే నిలపండి.

సమస్య: మొదట బాగా పనిచేసిన గోళం క్రమంగా బలహీనపడుతోంది.

సిలికా ఉపరితలం గాలిలోని తేమను పట్టుకుంటుంది, దుమ్ము కూడా చేరుతుంది. రెండూ క్యూ విలువను (గోళం కాంతిని ఎంతసేపు నష్టపోకుండా నిలుపుకుంటుందో చెప్పే కొలత) తగ్గిస్తాయి. గోళాన్ని కరిగించి తయారుచేసిన వెంటనే పొడి నైట్రోజన్ నిండిన పెట్టెలో ఉంచి, ప్రయోగాన్నీ అందులోనే చేయండి. ఎక్కువ శక్తి పంపే ముందు బలహీన కాంతితో రెజొనెన్స్ వెడల్పును ఒకసారి కొలిచి రాసి పెట్టుకుంటే, తరువాత ఎంత దెబ్బతిందో పోల్చి చూడవచ్చు.