ఏఐతో తెలుగు రాతలోని తప్పులు దిద్దుకోవడం ఎలా?

ఆన్‌లైన్‌లో పెట్టబోయే వ్యాసాన్ని చాట్‌జీపీటీ, జెమిని వంటి ఏఐ సాధనానికి ఇచ్చి "తప్పులు సరిచేయి" అని ఒక్క మాట చెప్పి ఊరుకుంటే, అది తప్పులతో పాటు మీ వాక్యాల నడకను కూడా మార్చేస్తుంది. అందుకే దిద్దమనకుండా, ముందు తప్పులు చూపించమని అడగాలి. నేను ఇచ్చే ఆదేశం ఇది: "నా వాక్యాలను తిరగరాయవద్దు. తప్పున్న పదం, దాని సరైన రూపం, కారణం మాత్రమే చూపించు. అర్థం మారుతుందనిపిస్తే మార్చకుండా నన్ను అడుగు." సంభాషణల్లో మాండలికం ఉంటే ఆ సంగతి కూడా ముందే చెప్పాలి, లేకపోతే పాత్ర నోట సహజంగా పలికిన "వస్తుండు" తప్పుల్లో చేరి "వస్తున్నాడు" అయిపోతుంది.

రెండు మూడు పేరాల చొప్పున ఇవ్వడం మంచిది. రాత పొడవైతే ఈ సాధనాలు కొన్ని వాక్యాలను చడీచప్పుడు లేకుండా వదిలేస్తాయి. ఇతరుల పేర్లు, ఫోన్ నంబర్లు ఉంటే తీసేసి ఇవ్వండి.

అక్షరదోషాలను, ఏకవచన బహువచనాలు పొసగని క్రియలను ఇవి చాలావరకు పట్టుకుంటాయి. "గత ఏడాది కొని, సగం చదివి పక్కన పెట్టిన ఆ పుస్తకాలు ఇంకా బల్ల మీదే ఉంది" అన్న వాక్యంలో కర్తకూ క్రియకూ మధ్య దూరం పెరిగి మన కన్ను జారవిడిచిన "ఉంది"ని "ఉన్నాయి" అని సరిచేస్తాయి.

అసలు జాగ్రత్త అవసరమైంది అర్థం దగ్గర. "మేము రేపు బయలుదేరుతున్నాం" అని మీరు రాస్తే, "మనం రేపు బయలుదేరుతున్నాం" అన్న సూచన రావచ్చు. వ్యాకరణపరంగా రెండూ నిర్దుష్టమే, కానీ రెండో వాక్యంలో చదివేవారు కూడా ప్రయాణంలో చేరిపోయారు. ఇంగ్లీషులో ఈ రెండింటికీ ఒకే సర్వనామం ఉండటం, ఈ సాధనాలు నేర్చుకున్న పాఠంలో ఇంగ్లీషుదే పెద్ద వాటా కావడం వల్ల ఇలాంటి చోట్ల ప్రతి మార్పునూ మూలంతో పోల్చి చూడక తప్పదు. "రోగికి మందులు ఇచ్చారు" అన్న చక్కని వాక్యాన్ని "రోగికి మందులు ఇవ్వబడ్డాయి" అని తెలుగుకు సహజం కాని తీరులోకి మార్చమంటే నిస్సంకోచంగా తిరస్కరించండి.

ఇవి సూత్రాలు చూసి దిద్దవు, తాము చూసిన రాతల్లో ఏ మాట తర్వాత ఏ మాట వస్తుందో దాన్నిబట్టి అంచనా వేస్తాయి. అందువల్ల జనం విరివిగా రాసే "ప్రాధాన్యత"ను తప్పుపట్టకపోవచ్చు. "ప్రధానం" నుంచి వచ్చిన "ప్రాధాన్యం" ఉండగా దానికి మళ్లీ "త" అక్కర్లేదు. చెప్పే కారణాలు కూడా కొన్నిసార్లు కల్పితమే. వ్యాకరణ సూత్రాన్ని ఉదహరిస్తే అది నిజంగా ఉందో లేదో చూడాలి. పదం మీద అనుమానం వస్తే ఆంధ్రభారతి వంటి ఆన్‌లైన్ నిఘంటువుల్లో వెతకాలి.

ఒప్పుకున్న మార్పులను మీ మూలప్రతిలో మీరే చేతితో చేయండి. ఏఐ ఇచ్చిన పాఠాన్ని కాపీ చేసి అతికిస్తే, "సాఫ్ట్‌వేర్" వంటి మాటల్లో పొల్లును విడిగా నిలిపే, కంటికి కనిపించని అక్షరం ఒక్కోసారి ఊడిపోయి "సాఫ్ట్వేర్" అవుతుంది.